వైద్య అధ్యాపకుల వైఖరికి కొలబద్ద

మిశ్రమ బోధన అంటే ఒకే పాఠాన్ని రెండు చోట్ల నేర్పడం. కొంత భాగాన్ని విద్యార్థి తన వీలునుబట్టి ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చూసి, చదివి నేర్చుకుంటాడు. మిగతాది తరగతి గదిలోనో, ప్రయోగశాలలోనో, రోగి మంచం దగ్గరో గురువు ఎదుట జరుగుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉండాలి. తెర మీద చూసింది మంచం దగ్గర పనికి రావాలి, మంచం దగ్గర తట్టిన సందేహం మళ్లీ తెర దగ్గరికి తీసుకెళ్లాలి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక దేశమంతా నడిచిన ఆన్‌లైన్ క్లాసులు ఈ లెక్కలోకి రావు. అవి దూరం నుంచి చెప్పిన మామూలు ఉపన్యాసాలు. పైకి ఈ తేడా చిన్నదే. కానీ అధ్యాపకులు ఈ పద్ధతి గురించి ఏమనుకుంటున్నారో కొలవబోయినప్పుడు పెద్ద చిక్కు తెచ్చిపెట్టేది అదే.

బీపీ చూడటం నేర్పే పాఠాన్నే తీసుకోవచ్చు. చేతికి కట్టిన పట్టీలో గాలి ఎక్కించి మెల్లగా వదులుతుంటే స్టెతస్కోపులో టక్ టక్‌మని వినిపించే చప్పుళ్లను 1905లో రష్యా వైద్యుడు నికొలాయ్ కొరొట్కోవ్ వివరించాడు. మొదటి చప్పుడు పై అంకె, చప్పుళ్లు ఆగిపోయిన చోట కింది అంకె. పట్టీ ఎక్కడ కట్టాలి, గాలి ఎంతదాకా ఎక్కించాలి, ఎంత నెమ్మదిగా వదలాలి అన్నవి విద్యార్థి రాత్రి హాస్టల్లో పది నిమిషాల వీడియో చూసి తెలుసుకోగలడు. అర్థంకాకపోతే వెనక్కి జరిపి మళ్లీ చూస్తాడు. తెల్లారి వార్డులో ఒక ముసలమ్మ సన్నని చేతికి పట్టీ కడితే అది జారిపోతుంది, పక్క మంచం వాళ్లు మాట్లాడుకుంటుంటారు, చప్పుడు వినిపించిందో లేదో అనుమానంగా ఉంటుంది. అధ్యాపకుడి అవసరం అక్కడ. పద్ధతినంతా మొదటినుంచీ చెప్పే పని లేదు కాబట్టి ఆయన దగ్గరున్న కాస్త సమయమూ విద్యార్థి చెవినీ చేతినీ సరిదిద్దడానికి మిగులుతుంది.

అయితే ఇదంతా జరగాలంటే ఆ అధ్యాపకుడు ముందు ఈ పద్ధతిని నమ్మాలి. వీడియో చూసి వచ్చిన విద్యార్థికి మళ్లీ అదే ఉపన్యాసం అరగంట చెబితే మిశ్రమ బోధన అక్కడే ఆగిపోతుంది. కంప్యూటర్లు కొనడం, నెట్ పెట్టించడం డబ్బుతో అయ్యే పనులు. అధ్యాపకుడి మనసు డబ్బుతో వచ్చేది కాదు. అందుకే వైద్య విద్యా పరిశోధకులు ఆ మనసును కొలిచే సాధనాలు తయారుచేస్తారు.

ఖమ్మం నుంచి చర్ల దాకా

ఈ కొలత ఎందుకు కావాలో, ఎక్కడ తప్పుదారి పట్టగలదో చూడటానికి ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు కంటే మంచి చోటు దొరకదు. ఖమ్మంలో 1998 నుంచి మమత వైద్య కళాశాల ఉంది. 2022 నవంబరు 15న తెలంగాణలో ఒకే రోజు ప్రారంభమైన 8 ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కొత్తగూడెం ఒకటి. అక్కడ ఎంబీబీఎస్ సీట్లు 150. మరుసటి ఏడు సెప్టెంబరు 15న ప్రారంభమైన 9 కళాశాలల్లో ఖమ్మం ఒకటి. ఇక్కడ సీట్లు 100. ఈ ప్రభుత్వ కళాశాలలకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం అనుబంధ విశ్వవిద్యాలయం. ఏడాది తిరగకుండానే పాత ఉమ్మడి జిల్లాలో రెండు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయన్నమాట. కొత్త భవనాలు, కొత్త విభాగాలు, అక్కడక్కడి నుంచి వచ్చి చేరిన అధ్యాపకులు. ఇలాంటి చోట ఏ బోధనా పద్ధతి వేళ్లూనుకుంటుందన్నది తొలి నాలుగైదేళ్లలోనే తేలిపోతుంది.

కొత్తగూడెం నుంచి సుమారు 40 కిలోమీటర్లు పోతే భద్రాచలం. అక్కడి నుంచి గోదావరి వెంబడి ఎగువకు దుమ్ముగూడెం, చర్ల. ఆ పైన ఛత్తీస్‌గఢ్ అడవులు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాల జనానికీ, సరిహద్దు దాటి వచ్చే ఛత్తీస్‌గఢ్ పల్లెలవాళ్లకూ భద్రాచలం ఏరియా ఆసుపత్రే దగ్గర. మలేరియా, పాము కాట్లు, రక్తహీనత, సికిల్ సెల్ ఇక్కడి వైద్యుడికి రోజూ ఎదురయ్యేవే. చాలామంది రోగుల ఇంటి భాష కోయ. 2022 నుంచి వైద్య విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, వాళ్ల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించాలని జాతీయ వైద్య కమిషన్ పెట్టిన నియమం ఇలాంటి ఊళ్లలోనే పరీక్షకు నిలుస్తుంది.

అదే 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే జారీ అవుతుంది. అలాంటి వారంలో దారులు మూసుకుపోతే ఫోన్‌లో పాఠం వినడం ఎంతో మేలు అనిపిస్తుంది. కానీ ఆ వారంలోనే కరెంటూ సిగ్నలూ కూడా పోతాయి. దేశంలో 4జీ అందని 24,680 పల్లెలకు దాన్ని చేర్చేందుకు 26,316 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రిమండలి ఆమోదించింది కూడా ఆ నెలలోనే. అడవి అంచున తెర మీది పాఠం ఎక్కువ అవసరం, తక్కువ సాధ్యం. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమన్నది ఇక్కడ ఏ ప్రశ్నావళి రాసేవారైనా ముందు గుర్తుపెట్టుకోవాలి.

తెలుగు నేలకు ఈ కలగలుపు చదువు కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలు వాటిలో ఉన్నాయి. ఆ ఏడాదిలోనే వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు టీవీ, రేడియో, అచ్చు పాఠాలు, పక్కనుండి చేయించే గురువు అన్నీ కలిపి సైన్సు శిక్షణ ఇచ్చారు. 1982లో హైదరాబాదులో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఇంటికి వచ్చే పుస్తకం, సెలవు రోజున అధ్యయన కేంద్రంలో ముఖాముఖి తరగతి దాని నడక. పేరు వేరు గానీ సూత్రం ఒకటే.

2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఒక కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పవచ్చని ప్రతిపాదించింది. వైద్య విద్య పగ్గాలు జాతీయ వైద్య కమిషన్ చేతిలో ఉన్నాయి గనుక అక్కడ లెక్క వేరు. 2019లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక స్వయంగా నేర్చుకునే గంటలను టైంటేబులులోనే పెట్టింది. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ నడిపే పరిశోధనా పద్ధతుల ప్రాథమిక కోర్సును వైద్య అధ్యాపకులే ఆన్‌లైన్‌లో చదివి, పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లి రాస్తారు. ఈ పద్ధతిలో తానే విద్యార్థిగా కూర్చున్న అధ్యాపకుడి అభిప్రాయానికి బరువు ఎక్కువ.

వైఖరి అంటే

మనస్తత్వ శాస్త్రంలో వైఖరి అంటే ఒక విషయం వైపు మొగ్గో, దాని నుంచి ముఖం తిప్పుకునో ఉండే స్థిరమైన ధోరణి. దానికి మూడు పాయలు. మొదటిది తెలివికి సంబంధించినది: 'ముందుగా వీడియో చూస్తే విద్యార్థి వార్డులో ఎక్కువ నేర్చుకుంటాడు' అన్న నమ్మకం. రెండోది భావానికి సంబంధించినది: కెమెరా ముందు నిలబడాలంటే కలిగే ఉత్సాహమో బెరుకో. మూడోది చేతకు సంబంధించినది: వచ్చే నెల ఒక పాఠాన్ని ఇలా మార్చి చెబుదామన్న సంసిద్ధత. ఒకే మనిషిలో ఈ మూడూ మూడు దారులు పట్టవచ్చు. పద్ధతి మంచిదేనని నమ్మి, కెమెరా అంటే జంకి, చివరికి ఏమీ చేయని అధ్యాపకులు ప్రతి కళాశాలలోనూ ఉంటారు.

మాటకూ చేతకూ మధ్య దూరాన్ని చూపిన పాత అధ్యయనం ఒకటి ఈ రంగంలో అందరికీ తెలుసు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ లాపియెర్ 1930ల మొదట్లో ఒక చైనా యువ దంపతులతో కలిసి అమెరికా అంతా తిరిగాడు. అప్పట్లో చైనీయుల మీద అక్కడ తీవ్రమైన వివక్ష ఉండేది. అయినా వాళ్లు వెళ్లిన 251 హోటళ్లు, వసతి గృహాల్లో ఒక్కచోట మాత్రమే కాదన్నారు. ఆ తర్వాత కొన్ని నెలలకు అవే చోట్లకు ఉత్తరాలు రాసి, 'చైనీయులను రానిస్తారా?' అని అడిగాడు. జవాబిచ్చిన 128 మందిలో నూటికి తొంభై మందికి పైగా రానివ్వమన్నారు. 1934లో అచ్చయిన ఈ ఫలితం ప్రశ్నావళి రాసే ప్రతివారికీ హెచ్చరిక. కాగితం మీద టిక్కు పెట్టినంత మాత్రాన పని జరిగినట్టు కాదు, పెట్టనంత మాత్రాన జరగనట్టూ కాదు.

అలాగని కొలత మానుకోనక్కరలేదు. లూయీ థర్‌స్టన్ 1928లో రాసిన వ్యాసం పేరే వైఖరులను కొలవవచ్చు అన్న అర్థంలో ఉంటుంది. ఆయన పద్ధతి శ్రమతో కూడుకున్నది. ఒక్కో ప్రవచనం, అంటే అభిప్రాయం చెప్పే వాక్యం, ఎంత అనుకూలమో, ఎంత ప్రతికూలమో న్యాయనిర్ణేతల చేత 11 కుప్పలుగా విడదీయించి ఒక్కో దానికి విలువ కట్టేవాడు. నాలుగేళ్ల తర్వాత, 1932లో రెన్సిస్ లికర్ట్ ఆ న్యాయనిర్ణేతలను తీసేశాడు. ప్రవచనం ఇచ్చి, 'పూర్తిగా ఒప్పుకుంటాను' నుంచి 'అసలు ఒప్పుకోను' దాకా అయిదు మెట్లు పెట్టి, జవాబిచ్చేవారినే ఒక మెట్టు ఎంచుకోమన్నాడు. మెట్లకు 5 నుంచి 1 దాకా అంకెలు వేసి కూడితే చాలు. మన బీఈడీ పుస్తకాల్లో ఆయన పేరు లైకర్ట్ అని స్థిరపడిపోయింది గానీ, ఆయన కుటుంబం పలికేది లికర్ట్ అనే. ఇంత సులువైన సాధనం కాబట్టే అది ప్రపంచమంతా పాకింది, ఇంత సులువు కాబట్టే అది తప్పుగా వాడబడుతోంది కూడా.

ప్రవచనం రాయడం

కొలబద్ద బలమంతా ప్రవచనాల్లో ఉంటుంది. గణాంకాలు తర్వాతి మాట. 'ఆన్‌లైన్ పాఠాలు సులువుగా, ఆసక్తిగా ఉంటాయి' అన్న ప్రవచనాన్ని చూస్తే అందులో రెండు ప్రశ్నలున్నాయి. సులువేగానీ విసుగు అనుకునే అధ్యాపకుడు ఎక్కడ టిక్కు పెట్టాలి? 'ఆధునిక బోధనా పద్ధతి అయిన మిశ్రమ బోధనను స్వాగతిస్తాను' అన్నదానిలో జవాబు ప్రశ్నలోనే ఉంది. ఆధునికం కాదని ఎవరు చెప్పుకుంటారు?

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. 'మా కళాశాలలో మిశ్రమ బోధన సాధ్యం కాదు.' చూడటానికి మామూలు వాక్యం. ఖమ్మం పట్టణంలో పనిచేసే అధ్యాపకుడు దీనికి 'ఒప్పుకుంటాను' అంటే బహుశా పద్ధతి మీద నమ్మకం లేకనే కావచ్చు. విద్యార్థులను చర్ల వైపు పల్లెలకు తీసుకెళ్లే కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకురాలు అదే మెట్టు ఎంచుకుంటే కారణం వేరు. అక్కడ ఫోన్ ఎత్తి గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ రాదు. ఆమె మనసు ఎంత సుముఖంగా ఉన్నా జవాబు ప్రతికూలమే అవుతుంది. ఇద్దరి జవాబులూ ఒకే కుప్పలో పడితే 'అటవీ ప్రాంత అధ్యాపకులకు కొత్త పద్ధతులంటే ఇష్టం లేదు' అన్న నిర్ధారణ వస్తుంది. అది అన్యాయం, పైగా అబద్ధం. దాని మీద ఆధారపడి నెట్ పెట్టించాల్సిన డబ్బుతో 'వైఖరి మార్పు' శిక్షణలు పెడతారు.

ఈ ప్రవచనాన్ని రెండుగా చీల్చడమే మందు. వైఖరి భాగంలో: 'నెట్, కరెంటు సరిగా ఉంటే నా పాఠంలో కొంత భాగాన్ని వీడియోగా ఇవ్వడం నాకు సమ్మతమే.' పరిస్థితుల భాగంలో, ఒప్పుకోలు మెట్లు లేకుండా, నేరుగా ఒక లెక్క: 'గత నెలలో నెట్ లేక, కరెంటు లేక మీ పాఠం ఎన్ని రోజులు ఆగింది?' మొదటిది మనసును అడుగుతుంది, రెండోది ఊరిని అడుగుతుంది. ఈ రెంటినీ వేర్వేరు కాగితాల మీద ఉంచినప్పుడే రెంటికీ మధ్య సంబంధాన్ని లెక్కగట్టడం కుదురుతుంది.

తెలుగులో ప్రశ్నావళి రాసేటప్పుడు మన భాష నడకను కూడా లెక్కలోకి తీసుకోవాలి. వైద్య కళాశాల అధ్యాపకులు ఇంగ్లిషులోనే చదువుతారు గానీ, నర్సింగ్ బోధకులకూ, ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చేవారికీ తెలుగు ప్రతి ఉంటే జవాబు సూటిగా వస్తుంది. 'రాలేదా?' అంటే తెలుగువాడు 'అవును, రాలేదు' అంటాడు. ఇంగ్లిషులో అలాంటి చోట 'కాదు' అన్న మాట వస్తుంది. అందువల్ల 'ఉపయోగపడదు', 'రాదు' అని ముగిసే ప్రవచనం కింద 'ఒప్పుకోను' అన్న మెట్టు పెడితే చదివేవారు తడబడతారు. వ్యతిరేక భావాన్ని 'కాదు, లేదు'లతో కాక నిండు క్రియతో చెప్పడం మేలు. 'సమయానికి ఉపయోగపడదు' అనేకంటే 'సమయం వృథా చేస్తుంది' అంటే తికమక ఉండదు. అనువదించిన ప్రతిని, మూలం చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లిషులోకి మార్పించి పోల్చడం రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో చెప్పిన పద్ధతి. ఇప్పటికీ అదే ఆచారం.

అనుకూల, ప్రతికూల ప్రవచనాలు కలిపి పెట్టాలి. లేకపోతే అన్నిటికీ తలూపేవారిని గుర్తుపట్టలేం. ప్రతికూల ప్రవచనానికి వచ్చిన అంకెను 6 నుంచి తీసేసి లెక్కవేస్తారు. ఊహకు ఒక అధ్యాపకుడి నాలుగు జవాబులు తీసుకుందాం. 'ముందు వీడియో చూసిన విద్యార్థి వార్డులో ఎక్కువ నేర్చుకుంటాడు' అన్నదానికి 4. 'వీడియోలు తయారుచేయడం నా సమయాన్ని వృథా చేస్తుంది' అన్నదానికి 1, తిప్పితే 5. 'తెర మీద నేర్చినవాడు రోగి మీద చేయి వేయడానికి జంకుతాడు' అన్నదానికి 4, తిప్పితే 2. 'తోటి అధ్యాపకులకు ఈ పద్ధతి సూచిస్తాను' అన్నదానికి 4. మొత్తం 20కి 15. ఈ అధ్యాపకుడు సుముఖుడే. కానీ మూడో జవాబులో ఒక భయం ఉంది, అది వైద్యుడికి ఉండాల్సిన భయమే. మొత్తం ఒక్కటే చూస్తే ఆ మాట వినిపించదు. అందుకే మంచి కొలబద్దలు ఉపయోగం, శ్రమ, రోగి భద్రత, సంసిద్ధత అంటూ ఉపభాగాలుగా మార్కులు చూపిస్తాయి.

మధ్య మెట్టు 'ఎటూ చెప్పలేను' గోడమీది పిల్లి. అనుభవం లేనివారూ, తేల్చుకోలేనివారూ, చెప్పడం ఇష్టంలేనివారూ అందరూ దాని మీదే కూర్చుంటారు. లాక్‌డౌన్ క్లాసులు తప్ప మరేమీ చూడని అధ్యాపకుడికి నిజమైన మిశ్రమ పాఠం గురించి అభిప్రాయం ఉండదు. అలాంటివారి కోసం 'నాకు ఈ అనుభవం లేదు' అన్న గడి విడిగా ఉంచాలి. మొదటి పేజీలోనే మిశ్రమ బోధన అంటే ఏమిటో నాలుగు వాక్యాల్లో, ఒక ఉదాహరణతో చెప్పాలి. లేకపోతే 2020 నాటి చేదు జ్ఞాపకమే కొలతకు వస్తుంది.

కొలబద్దను తూచడం

ప్రశ్నావళి సిద్ధమయ్యాక దానికి రెండు పరీక్షలు. కొలవాలనుకున్నదాన్నే కొలుస్తోందా అన్నది సప్రమాణత. ఎన్నిసార్లు కొలిచినా నిలకడగా ఒకే ఫలితం ఇస్తోందా అన్నది విశ్వసనీయత. పది గ్రాములు ఎప్పుడూ ఎక్కువ చూపే కాటా నిలకడైనదే, కానీ సరైనది కాదు.

సప్రమాణతకు తొలి అడుగు నిపుణుల చేత చదివించడం. ఒక ప్రవచనం తప్పనిసరి అని సగానికి మించి ఎంతమంది అన్నారో చూసే సూత్రాన్ని చార్లెస్ లాషే 1975లో ఇచ్చాడు. పదిమందిలో తొమ్మిదిమంది అవసరమంటే విలువ 0.80. పదిమంది నిపుణులకు ఆయన పెట్టిన గీత 0.62. ఆ నిపుణుల్లో పల్లె ఆరోగ్య కేంద్రంలో విద్యార్థులను చూసుకునే వైద్యాధికారి ఒకరైనా ఉండాలి. తరువాత కారక విశ్లేషణ అనే గణితం వస్తుంది. ఏ ప్రవచనాలకు జవాబులు కలిసి నడుస్తున్నాయో అది చూపుతుంది. నెట్ గురించిన ప్రవచనాలన్నీ విడిగా ఒక గుంపు కడితే, అవి వైఖరిలో భాగం కావని లెక్కే చెప్పినట్టు.

విశ్వసనీయతకు ఎక్కువమంది వాడేది లీ క్రాన్‌బాక్ 1951లో ఇచ్చిన ఆల్ఫా. 0.70 దాటితే చాలునన్న మాట బాగా ప్రచారంలో ఉంది. ఇక్కడ ఒక కిటుకు తెలిసి ఉండాలి. ప్రవచనాల మధ్య సగటు సహసంబంధం 0.30 మాత్రమే ఉన్నా, 5 ప్రవచనాలకు ఆల్ఫా 0.68, పదికి 0.81, ఇరవైకి 0.90 వస్తుంది. నాణ్యత పెరగలేదు, సంఖ్య పెరిగిందంతే. ఒకే మాటను పదిరకాలుగా తిప్పి అడిగితే ఆల్ఫా ఆకాశాన్ని అంటుతుంది. కాబట్టి 0.92 అన్న అంకె చూసి మురిసిపోకుండా ప్రవచనాలు చదవాలి.

ఎవరిని, ఎలా అడగాలి

కళాశాల చిన్నదైతే నమూనా తీయడం కంటే అందరినీ అడగడమే నయం. నూటికి 95 పాళ్ల నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాతో ఫలితం చెప్పాలంటే 100 మందిలో 80 మంది, 200 మందిలో 132 మంది కావాలి. అందరినీ అడిగినా అందరూ జవాబివ్వరు. ఇక్కడే చాలా అధ్యయనాలు తెలియకుండా ఒక గోతిలో పడతాయి. ఆన్‌లైన్ బోధన మీద వైఖరి కొలిచే ప్రశ్నావళిని ఆన్‌లైన్‌లోనే, వాట్సాప్ లింకుగా పంపుతారు. దాన్ని తెరిచి నింపేవారు అప్పటికే తెరతో స్నేహం కుదిరినవారు. విసుగున్నవారూ, సిగ్నల్ లేనివారూ లెక్కలోంచి జారిపోతారు. ఫలితం అందంగా, అనుకూలంగా వస్తుంది. అడవి అంచున కాగితం ప్రతి చేతికివ్వడం పాత పద్ధతి కాదు, సరైన పద్ధతి.

గోప్యత సంగతి ఇంకా సున్నితం. ఒక విభాగంలో ముగ్గురే ఉంటే విభాగం పేరు, వయసు, హోదా అడిగిన మరుక్షణం ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది. పేరు రాయనక్కరలేదన్న హామీకి అప్పుడు విలువ లేదు. నింపిన కాగితాలను ప్రిన్సిపాల్ గది బయట ఉన్న డబ్బాలో వేయమంటే వచ్చేవి ఏ ఎండకా గొడుగు పట్టే జవాబులే. విభాగాలను పూర్వ వైద్య, వైద్య, శస్త్రచికిత్స అని పెద్ద గుంపులుగా కలపాలి, వయసును పదేళ్ల అంతరాలుగా అడగాలి, కాగితాలు బయటివారి చేతికి అందాలి.

అంకెలు వచ్చాక సగటు ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు. పదిమందిలో ఆరుగురు 3, నలుగురు 4 ఇస్తే సగటు 3.4. ఆరుగురు 5, నలుగురు 1 ఇచ్చినా సగటు 3.4. మొదటి కళాశాలలో అందరూ ఆలోచనలో ఉన్నారు. రెండోదానిలో స్టాఫ్ రూమ్ రెండుగా చీలిపోయి ఉంది. రెంటికీ ఒకే మందు పనిచేయదు. ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో చూపే పట్టికే అసలు ఫలితం.

జవాబుల పక్కన చేతల లెక్క కూడా ఉండాలి. లాపియెర్ నేర్పిన పాఠం అది. ఆరు నెలల్లో ఎన్ని పాఠాలు ఈ పద్ధతిలో జరిగాయి, విద్యార్థులు వార్డుకు రాకముందు ఎన్ని వీడియోలు నిజంగా చూశారు అన్నవి కళాశాలలో దొరికే లెక్కలే. ఫ్రెడ్ డేవిస్ 1989లో కంప్యూటర్ల వాడకం మీద ఇచ్చిన నమూనా ఇక్కడ పనికొస్తుంది. వాడే మనిషి రెండు చూస్తాడన్నాడు: నా పనికి ఎంత ఉపయోగం, వాడటం ఎంత సులువు. ఆయన లెక్కల్లో సులువు కంటే ఉపయోగమే వాడకంతో గట్టిగా ముడిపడింది. ఎంబీబీఎస్ క్లాసులకు పరుగెత్తే అధ్యాపకుడికి సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పడం కంటే, వార్డులో తన సమయం ఎంత మిగిలిందో చూపించడం ఎక్కువ పనిచేస్తుందన్నమాట.

పద్ధతికి ఉపయోగం ఉందనడానికి ఆధారాలున్నాయి. వైద్య రంగ చదువుల్లో మిశ్రమ బోధన మీద వచ్చిన 56 అధ్యయనాలను చైనా పరిశోధకులు 2016లో కలిపి చూశారు. మిశ్రమం కాని పద్ధతులతో పోల్చినప్పుడు జ్ఞాన పరీక్షల్లో మిశ్రమ పద్ధతి మొగ్గు ప్రామాణిక కొలతలో 0.81. ఇది చిన్నదేమీ కాదు. అయితే అధ్యయనాల మధ్య తేడాలు చాలా ఎక్కువ. ఒకచోట పనిచేసిన తీరు మరోచోట పనిచేయలేదు. కాబట్టి సందేహించే అధ్యాపకుడిని వెనకబడినవాడని అనడానికి వీల్లేదు. ఆయన సందేహం తన చోటు గురించి కావచ్చు.

ఒక పాఠం, రెండు చోట్లు

సికిల్ సెల్ జబ్బు పాఠం ఈ సందేహానికి మంచి ఉదాహరణ. 2047 నాటికి ఈ జబ్బును రూపుమాపాలని కేంద్రం 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం అందులో మొదటి లక్ష్యం. ఈ కార్యక్రమం నడిచే 17 రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటమిక్ ఆమ్లం బదులు వాలిన్ చేరడం, దానితో ఎర్రకణం కొడవలిలా వంగడం, తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి కావడం తెర మీద అద్భుతంగా చెప్పవచ్చు. నల్లబల్ల మీద కంటే బొమ్మ కదులుతుంటేనే బాగా అర్థమవుతుంది.

పాఠం రెండో సగం దుమ్ముగూడెం వైపు ఒక ఇంటి అరుగు మీద జరుగుతుంది. పరీక్షలో వాహకురాలని తేలిన అమ్మాయికి, ఆమె అమ్మానాన్నలకు ఆ మాట ఎలా చెప్పాలి? పెళ్లి మాట ఎత్తాలా వద్దా? కోయలో చెప్పే ఆశా కార్యకర్త ముందు విద్యార్థి ఎంత మాట్లాడాలి, ఎంత ఊరుకోవాలి? నాలుగింట ఒకటి అన్న లెక్కను, 'ముగ్గురు పిల్లలు బాగుంటారు, నాలుగోవాళ్లకే వస్తుంది' అని ఇంట్లోవాళ్లు అర్థం చేసుకుంటే ఎలా సరిదిద్దాలి? ఈ సగాన్ని ఏ వీడియో నేర్పలేదు. తెర మొదటి సగాన్ని మోసినందువల్ల రెండో సగానికి ఒక పూట దొరుకుతుంది. అధ్యాపకులను అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే: మీ పాఠంలో ఏ భాగం తెరకు, ఏ భాగం అరుగుకు? 'ఆన్‌లైన్ మీకు ఇష్టమా?' అని అడిగే కొలబద్ద ఈ జవాబును పట్టుకోలేదు.

ఈ కొలత ఒక్కసారితో అయిపోదు. ఏడాది మొదట్లో ఒకసారి, రెండు మూడు పాఠాలు చెప్పాక మరోసారి తీసుకోవాలి. రెండోసారి మార్కులు కాస్త తగ్గితే కంగారు పడనక్కరలేదు. పది నిమిషాల వీడియోకు పది గంటల పని ఉందని అప్పుడే తెలిసి వస్తుంది. తెలిసి ఇచ్చిన 3 తెలియక ఇచ్చిన 5 కంటే విలువైనది.

వైద్య విద్యార్థులకు వైఖరి, నైతికత, సంభాషణ అనే అంశాలు ఇప్పుడు పాఠ్యప్రణాళికలోనే ఉన్నాయి. వాళ్ల వైఖరికి మార్కులు కూడా వేస్తున్నారు. కొత్తగూడెంలో 2022లో చేరిన తొలి జట్టు నాలుగున్నరేళ్ల చదువు 2027లో పూర్తవుతుంది. ఆ లోగా ట్యాబులు, స్మార్ట్ బోర్డులు కొనే ప్రతి కళాశాలా ముందుగా రెండు కాగితాలు తన అధ్యాపకుల చేతికివ్వాలి: ఒకటి మనసును అడిగేది, ఒకటి ఊరిని అడిగేది.